తాబేలు వెంట బాతుపిల్ల

తల్లి బాతును కుక్క ఎత్తుకుపోతే, మిగిలిన ఒక్క గుడ్డునూ బుట్టలో పెట్టి, పైన బల్బు వేలాడదీసి, పొదిగించింది నేను. పూటపూటకీ తిప్పాను, తడిచెయ్యి అద్దాను. చివరికి పెంకు చిట్లింది. పిల్ల ఒళ్లు ఆరి, కాళ్ల మీద నిలబడేలా ఉంటే, బుట్ట ఒరిగించి, నూకలు తడుపుకొద్దామని వంటింట్లోకి వెళ్లాను. అంతే! ఇల్లు ఊడ్చే మర గుర్రుమంటూ బుట్ట ముందు నుంచి పోయింది. నా మోకాళ్ల నొప్పులు చూడలేక అల్లుడు కొన్న మర అది. పళ్లెంలా గుండ్రంగా ఉండి తనంతట తానే నేలంతా పాకుతుందని దానికి తాబేలు అని పేరు పెట్టాను.

నేను వచ్చేసరికి పిల్ల దాని వెనక పరిగెడుతోంది!

"ఇలా రావే, నా తల్లీ," అని నూకలు చల్లాను. నన్ను చూసి దొంగను చూసినట్టు అరిచింది. ఆ నూకలన్నీ తాబేలు మింగేసింది.

"దాన్నేం అనకండి అత్తయ్యా," అన్నాడు అల్లుడు నవ్వాపుకుంటూ. "పుట్టగానే కళ్ల ముందు ఏది కదిలితే అదే అమ్మ. గోడ తగిలితే తాబేలు తిరిగిపోదూ? ఇదీ అంతే. పుటకలోనే ఉంది."

"మరి బుట్ట పక్కన నడుం విరగ్గొట్టుకున్నదెవరు బాబూ? ఆ డబ్బానా?"

"మీరు కదల్లేదు కదా!"

"కదలకుండా ఉంటేనే కదయ్యా పొదిగేది!"

మా అమ్మాయి పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

మర కదిలితే పిల్లకు పరుగు, ఆగితే ఏడుపు. తిండి ముట్టదు. మర్నాటికి మెడ వాల్చేసింది. ఇక దక్కదనిపించింది.

"ఆ మర ఆపి, ఒక తాడియ్యి," అన్నాను అల్లుడితో.

తాబేలుకి తాడు కట్టి, పెరటి వెనక కాలువకి ఈడ్చుకెళ్లాను. పిల్ల తూలుతూ వెనకే వచ్చింది.

"ఏంటి పిన్నిగారూ, షికారా?" అంది పక్కింటావిడ.

"ఆఁ, దీనికి నీళ్లు పట్టించాలి!"

గట్టున మర బురదలో దిగబడింది. పిల్ల నీళ్లు చూసింది. ఎవరూ చెప్పకుండానే దిగి ఈదింది, ముక్కు ముంచి నాచు గబగబా మింగింది.

"ఈతా ఆ డబ్బాయే నేర్పిందా?" అని గట్టిగా అరిచాను. పిల్ల గట్టెక్కి, తడంతా నా మీద దులిపి, వెళ్లి తాబేలుకి ఆనుకుని కూచుంది.

తాడు భుజాన వేసుకుని ఇంటికి తిరిగాను. ముందు నేను, నా వెనక డబ్బా, దాని వెనక అది.

"చూడు బాబూ," అన్నాను గుమ్మంలోనే. "పుటక మాట ఇంకోసారి నా దగ్గర ఎత్తకు. రేపట్నుంచి ఇల్లు నేనే ఊడుస్తాను. మరకి పిల్లను పెంచే పనుంది."