యోంగ్‌త్సాయ్ తవ్విన గ్యాస్ తొట్టి

మూడు రోజులుగా పొయ్యి వెలగడం లేదు. సూచ్యోంగ్ అగ్గిపుల్ల గీసి గొట్టం మూతి దగ్గర పెడుతుంది, పుల్ల వేళ్ల దాకా కాలుతుంది, అంతే. బయట సిచువాన్ పొగమంచు ఆవపూల మీద పరుచుకుని, కొండా చెరువూ ఇల్లూ ఏదెక్కడుందో తెలియకుండా చేసింది. ఆ తెల్లటి మసకలో నిలబడితే తానే ఎవరి కలలోనో ఉన్నట్టుంది ఆమెకు.

గ్యాస్ తొట్టి ఆమె భర్త యోంగ్‌త్సాయ్ తవ్వినది. పందుల పేడ తొట్టిలోకి, తొట్టిలో పుట్టిన గ్యాస్ పొయ్యిలోకి, మిగిలిన మడ్డినీళ్లు చేపల చెరువుకూ నారింజ చెట్లకూ, తోటలో రాలిన ఆకూ కాయా మళ్లీ పందులకు. అతను పోయి నాలుగేళ్లయినా మొన్నటిదాకా ఆ చక్రం తిరుగుతూనే ఉంది. పొద్దున్నే నీలిమంట సన్నగా బుసబుసమంటుంటే ఆమె కళ్లు మూసుకుని వినేది. అది అతని ఊపిరే. ఎవరితోనైనా అంటే మతి పోయిందంటారని ఊరుకునేది.

ఆ ఊపిరి తీసింది మాత్రం తన చేతులే. పెద్దల సమాధులకు మొక్కే పండగకు కొత్త అల్లుడు వస్తున్నాడు. పట్నం మనిషి, ముక్కు మూసుకుంటాడేమోనని పందుల దొడ్డి నిండా బ్లీచింగ్ పొడి చల్లి తళతళలాడేలా కడిగింది. కడిగిన నీళ్లన్నీ కాలవ వెంట నేరుగా తొట్టిలోకి పోయాయి. ఇన్నేళ్లు కాపురం చేసి ఆ సంగతి ఎలా మరిచిందో ఆమెకే తెలియదు. గ్యాస్ పుట్టించే కంటికి కనబడని పురుగులన్నీ చచ్చిపోయాయి.

అల్లుడు వచ్చాడు, వెళ్లాడు, దొడ్డి వైపు చూడనైనా లేదు. కూతురు వెళ్తూ వెళ్తూ, "దాన్ని పూడ్చేయమ్మా, సిలిండరు పెట్టిస్తాం" అంది.

పక్కింటి డెంగ్ దడి మీంచి తొంగి చూశాడు.

"ఏం వదినా, మీ వంటింట్లో కట్టెల పొగ. గ్యాస్ అలిగిందా?"

"నేనే చంపేశాను డెంగ్, బ్లీచింగ్ పోసి. మీ అన్నను రెండోసారి పాతిపెట్టినట్టయింది."

ఈసారి అతను వేళాకోళమాడలేదు. "ముందు ఆ పాడు నీళ్లు తోడి బీట్లో పారబోద్దాం పద" అన్నాడు.

ఇద్దరూ రెండు రోజులు తోడారు. మూడో పొద్దున మంచులోంచి కావడి కిర్రుమన్న చప్పుడు ముందు వచ్చింది, వెనక డెంగ్ వచ్చాడు. రెండు బకెట్ల నిండా తన తొట్టిలోని నల్లటి మడ్డి. పైన బుడగలు మెల్లగా లేచి చిట్లుతున్నాయి.

"పిండిలో పాత పులిపిండి కలుపుతాం చూడు, అలాగే. ఇది వేసి కొత్త పేడ పోస్తుంటే పది పదిహేను రోజుల్లో మంట వస్తుంది."

"నీ తొట్టి ఖాళీ చేసుకుని నాకెందుకు పోస్తావయ్యా?"

"నాదెక్కడిది? పంతొమ్మిదేళ్ల కిందట నా తొట్టి కట్టిన కొత్తలో ఎంత పేడ పోసినా వెలగలేదు. అన్నే మీ తొట్టిలోంచి నలభై కావళ్లు మోసుకొచ్చి పోశాడు. అప్పుడు నువ్వూ నేనూ బాతు కోసం కొట్లాడుకుని మాటల్లేవు కదా, నీకు చెప్పొద్దన్నాడు. ఆయన పోసిందే వదినా, నా దగ్గర ఇన్నాళ్లూ బతికింది. అదే తెచ్చా."

సూచ్యోంగ్ బకెట్ పక్కన కూర్చుంది. ఒక బుడగ లేచింది, చిట్లింది, ఇంకొకటి లేచింది. డెంగ్ బకెట్లు తొట్టిలో వంపి వచ్చాక లేచి, కావడి అతని భుజం మీంచి తన భుజం మీదికి మార్చుకుంది.

"నలభై అన్నావుగా" అంది. "ఒకటి నువ్వు తెచ్చావు. మిగతా ముప్పైతొమ్మిదీ నేను మోస్తాను."