చుక్క ముద్ర పడిన ఎనిమిది కవర్లు

వరసలో పదకొండో మనిషి తన అన్న తీతు అని కెజియాకు తల ఎత్తకుండానే తెలుస్తుంది, తెలిసినా చెయ్యి ఆగదు, ఎడమ చేత్తో కార్డు జరిపి కుడి చేత్తో ముద్ర కొట్టి, మళ్ళీ జరిపి మళ్ళీ కొట్టి, ఎంతసేపటి నుంచో కొడుతూనే ఉంది. చుక్కలకొండ పోస్టాఫీసు గోడలు ఇవాళ ఎందుకో దూరంగా జరిగిపోయాయి, కౌంటరు ముందు మొదలైన వరస తలుపు దాటి, బజారు దాటి, కొండ మీదికి పాకిపోయింది, అందరి చేతుల్లోనూ క్రిస్మస్ కార్డుల కట్టలే. ఏటా డిసెంబరు పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగు దాకా, ఆ ఏడు రోజులే, ఈ ఆఫీసులో మామూలు తేదీ ముద్రకు బదులు కొండ మీద చుక్క పొడిచిన ముద్ర వేస్తారు. ఆ చుక్క తమ కార్డు మీద పడాలని ఎక్కడెక్కడి వాళ్ళో కట్టలు కట్టి ఇక్కడికి పంపిస్తారు. ఇరవై రెండేళ్లుగా ఆ ముద్ర పిడి కెజియా అరచేతిలోనే ఉంది.

తీతు తోసుకుని ముందుకు రాడు. పరాయివాడిలా తన వంతు వచ్చేదాకా నిలబడతాడు. అదే ఆమెకు ముందు మండుతుంది. తోడబుట్టినవాడు వరసలో నిలబడ్డమేమిటి, అది కూడా తనను నలుగురిలో సిగ్గుపరచడానికి కాకపోతే! రైల్వేవాళ్ళు ఇచ్చిన నీలం కోటు వేసుకున్నాడు. మెడ గుండీ కూడా పెట్టుకున్నాడు, జలుబు చేసినవాడిలా.

"ఎనిమిది," అంటాడు, ఒక కట్ట కౌంటరు మీద పెట్టి. పలకరింపు లేదు.

"వీటికి ముద్ర పడింది. నేనే కొట్టా. మళ్ళీ ఎందుకు తెచ్చావు?"

"ముద్ర కోసం తేలా. వీటి మీద ఎర్ర సిరాతో ఏదో రాసుంది. అది నీ దస్తూరేనా అని అడగడానికొచ్చా."

చూడక్కర్లేదు. ఏటా తీతు ఖరగ్‌పూర్ నుంచి తమ చర్చివాళ్ళ కార్డులన్నీ కట్టగట్టి చుక్క ముద్ర కోసం పంపేవాడు, ఆ కట్టలో అడుగున చెల్లెలి పేరున ఒక కవరు ఉండేది. కెజియా అన్నిటికీ కొట్టినట్టే దానికీ ముద్ర కొట్టేది. ముద్ర వెయ్యడం డ్యూటీ. చదవడం డ్యూటీ కాదు. పోస్టుమాన్‌కు ఇవ్వకుండా తనే ఎర్ర సిరా పెన్ను తీసి, కవరు మీద అడ్డంగా 'రెఫ్యూజ్డ్' అని రాసి, వచ్చిన చోటికే తిప్పి పంపేది. అట్లా ఎనిమిది క్రిస్మస్‌లు.

"నా దస్తూరే," అంటుంది. "తొమ్మిదోది కూడా పంపితే దాని మీదా రాసేదాన్ని."

"ఎక్కడ పంపను? ఆగస్టులో చచ్చిపోయా గదా."

"తొందరగా కానివ్వండమ్మా," అంటారు వెనకాల ఎవరో, "మాకు బస్సుంది."

కెజియా ముద్రను సిరామెత్త మీద విసురుగా పెట్టి కౌంటరు చెక్క పైకెత్తుతుంది, అన్న లోపలికి వస్తాడు, లోపల ఎప్పుడూ ఉండే బీరువా లేదు, దాని చోట ఒక ఇనప మంచం ఉంది, మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది, ఇప్పుడే ఎవరినో లేపి తీసుకుపోయినట్టు దిండు మీద తల ఆనిన గుంట ఇంకా ఉంది, ఆ గుంట చూడగానే కెజియాకు తొమ్మిదేళ్ల నుంచి అనకుండా ఉంచుకున్నదంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది.

"పంతొమ్మిదో తారీకు పోయింది అమ్మ. పంతొమ్మిది! మీ అమ్మాయి పురుడుకని నవంబరులో తీసుకెళ్ళావు, అమ్మ నడుచుకుంటా వచ్చి రైలెక్కింది, టిఫిన్ డబ్బా కూడా నన్ను మొయ్యనివ్వలా. ఆస్పత్రిలో పెట్టావు, చెప్పలా. ప్రాణం పోయింది, చెప్పలా. ఈ ఆఫీసులో ఫోనుంది, దాని నంబరు నీకు తెలుసు. తంతి మిషనుంది, దాని ముందు కూర్చునేది నేనే. అవన్నీ వదిలేసి, అంతా అయిపోయినాక, మట్టి కూడా వేసినాక, ఉత్తరం రాశావు. ఉత్తరం! అది ఇరవై రెండున వచ్చి కార్డుల కట్టల కింద పడి ఇరవై ఆరుదాకా నా బల్ల మీదే ఉందిరా! అమ్మను గుంటలో దించుతుంటే నేనిక్కడ కూర్చుని ఊళ్ళోవాళ్ళ పండగ కార్డులకు చుక్కలు కొడుతున్నా!"

"అమ్మ వద్దంది."

"ఆ మాట పిన్నమ్మతో కూడా చెప్పి పంపావు. నేను నమ్మలా."

"నమ్మకపోతే పో. నా చొక్కా చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. 'దాన్ని పిలవబాక, చుక్క వారం, అది లేస్తే అందరి కార్డులూ ఆగిపోతయ్యి, పండగ కానియ్యి' అంది. అప్పుడు నేనేం చెయ్యాల?"

"ఏం చెయ్యాలా? పిలవాల! పోయే మనిషి మాటా వినేది, బతికుండేదాని సంగతి చూడక్కర్లేదా? అయినా అమ్మ మాట నువ్వు ఏనాడు విన్నావు? పదో తరగతిలో పుస్తకాలమ్ముకుని రైలెక్కి పోయావే, అప్పుడు విన్నావా? నాన్న మంచాన పడితే ఊళ్ళోనే ఉండరా అని ఏడ్చింది, విన్నావా? పుట్టి బుద్ధెరిగినాక ఒక్క మాట వినని మనిషివి, ఆ ఒక్కటే వినాల్సొచ్చిందా నీకు?"

"ఆ ఒక్కటన్నా విందామనుకున్నా," అంటాడు తీతు.

ఆ మాట అతను అరవకుండా అంటాడు. అరిచి ఉంటే బదులు చెప్పేది. కెజియాకు ఇంకా కోపం వస్తుంది, తన కోపాన్ని చేతిలోంచి లాక్కున్నందుకు.

"చూపించు," అంటుంది చివరికి. "అమ్మను ఎక్కడ పెట్టావో చూపించు."

తీతు వెనక తలుపు తీస్తాడు, ఆ తలుపు అవతల రోజూ అయితే టపా సంచులు దులిపే పెరడు ఉంటుంది, ఇప్పుడు ఖరగ్‌పూర్ ఉంది, ఉందని అతను అంటున్నాడు గానీ కెజియాకు అక్కడ ఏదీ నిలవడం లేదు, ఎర్రమట్టి అనుకుని కాలు పెడితే సిమెంటు గచ్చు అవుతోంది, సమాధుల వరస అనుకుని దగ్గరికి వెళితే ఉత్తరాలు ఊరివారీగా పెట్టే చెక్క అరలు, ప్రతి అర మీదా తనకు బాగా తెలిసిన ఊరి పేరే, కావలి, ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు, ఏ అరలోనూ అమ్మ లేదు; దూరంగా రైలు కూస్తే ఆనవాలు దొరికిందనుకుంటుంది, అది కాస్తా ఆఫీసు ముందు ఆగే బస్సు హారన్ అవుతుంది.

"ఇదే," అంటాడు తీతు ఒకచోట నిలబడి.

"ఏదీ? ఇక్కడేం లేదు."

"ఉంది. శిలువ కట్టించా. పేరు తెలుగులో చెక్కించా, అక్కడ తెలుగు చెక్కేవాడు దొరక్క మూడు నెలలు తిరిగా. తలాపున గన్నేరు వేశా."

"నాకు కనపట్టంలా."

"ఎట్టా కనపడుద్ది? వచ్చి చూస్తే గదా కనపడేది! చూడని చోటును కలలోకి ఎక్కడి నించి తెచ్చుకుంటావు? సమాధి ఎక్కడికన్నా లేచిపోయిందా? తొమ్మిదేళ్లుగా అక్కడే ఉంది. రైలుంది. నీకు సెలవులున్నయ్యి. నా మీద కోపమైతే నా ఇంటికి రాబాక, స్టేషన్లో దిగి ఎవర్నడిగినా చూపించేవాళ్ళు. అమ్మ మీద కూడా రాశావు గదే, ఎర్ర సిరాతో!"

కెజియా చేతిలో ఏదో ఉంది, ముద్రే, దాన్ని ఎప్పుడు పట్టుకుందో తెలియదు, దాంతో పక్కనున్న అర చెక్క మీద కొడుతుంది, మళ్ళీ కొడుతుంది, చెక్క మీద చుక్క పడదు, నల్లటి మచ్చ పడుతుంది.

"కొట్టు," అంటాడు తీతు. "అది బాగా వచ్చు నీకు. సరే, అమ్మ సంగతి ఉత్తరంలో వచ్చింది, ఆలస్యమైంది, తప్పు నాదే అనుకో. నా సంగతి? మీ వదిన తంతి కొట్టింది. నీ మిషన్ మీదే దిగింది, పొద్దున తొమ్మిదింటికి. నువ్వే రాసుకున్నావు నీ చేత్తో. మర్నాటి సాయంత్రం దాకా నన్ను వరండాలో ఉంచారు, నువ్వు వస్తావని. రాలేదే?"

"రిజర్వేషన్ దొరకలా."

ఈ అబద్ధాన్ని ఆమె మెలకువలో ఆఫీసులోవాళ్ళకూ పాస్టరుగారికీ చెప్పి చెప్పి అరగదీసింది, వాళ్ళందరూ పాపం అని తల ఊపారు, ఇక్కడ తల ఊపేవాడు ఎవడూ లేడు. ఆ రోజు ఆమె స్టేషను వైపే పోలేదు. తంతి కాగితం మడిచి బల్ల సొరుగులో పెట్టి, సాయంత్రం అయిదింటి దాకా కౌంటరులో కూర్చుని స్టాంపులు అమ్మింది. వాడికీ తెలియాలి అనుకుంది. చచ్చిపోయినవాడికి ఏం తెలుస్తుందన్నది ఆ రోజు తోచలేదు.

"వరండాలోనా?" అంటుంది. "ఎండ పడలా?"

"పడింది. గోనెపట్టాలు కట్టారు."

అరల మధ్య సందు ఇరుకవుతోంది, నడవకుండానే వాళ్ళు మళ్ళీ కౌంటరు దగ్గర ఉన్నారు, ఎనిమిది కవర్లూ పెట్టినచోటే ఉన్నాయి, కెజియా ఒకటి లాగి అంచు చించబోతుంది, జిగురు వస్తుంది గానీ కవరు విడదు, మడత కింద ఇంకో మడత, దాని కింద ఇంకోటి, గోళ్ళతో పీకినా లోపలి కాగితం దాకా పోనివ్వదు. ఆమె ఆ కవరు అన్న ఛాతీ మీదికి విసిరికొడుతుంది.

"ఏం రాశావు? చదువు."

"అడ్రసు నీది."

"చదవమంటే చదవ్వేం? నోటితోనన్నా చెప్పు!"

తీతు కింద పడిన కవరు తీసి కోటుకు తుడుస్తాడు. "మొదటి దాంట్లో నన్ను క్షమించమని రాశా. రెండో దాంట్లోనూ అదే. మూడో ఏడు నాకూ ఒళ్ళు మండి తిట్టిపోశా, నాలుగు పేజీలు. తర్వాతవి గుర్తులేవు. ఒకదాంట్లో గన్నేరు పూసిందని రాసినట్టున్నా."

"ఏమని తిట్టావు?" కెజియా గబుక్కున కౌంటరు మీదికి వంగుతుంది, ఆకలిగొన్న మనిషిలా. "నాలుగు పేజీలు ఏం తిట్టావు? చెప్పు. నేనూ తిడతా. నా దగ్గర నాలుగు కాదు, నలభై ఉన్నయ్యి."

"చదువుకో. మీ వదిన దగ్గరున్నయ్యి, బట్టల పెట్టెలో. ఒక్కటీ చింపలేదు ఆమె."

"అదేం కుదరదు. నువ్వు చెప్పాల. ఇక్కడే చెప్పాల."

"అమ్మా, మా బస్సు!" అంటారు వెనకవాళ్ళు, ఈసారి చాలామంది, వరస ముందుకు తోసుకుని వస్తుంది, కార్డుల కట్టలు కౌంటరు మీద ఒకదాని మీద ఒకటి పడతాయి, వాటి మధ్య తీతు నీలం కోటు కాసేపు కనిపించి, భుజం వరకే కనిపించి, తర్వాత ఏది కోటో ఏది కార్డుల అట్టో తెలియకుండా పోతుంది, కెజియా కట్టలు రెండు చేతులా తోసేస్తూ అరుస్తుంది, "ఎక్కడికి పోతావు? చెప్పి పో! ఎప్పుడూ ఇంతే నువ్వు, సగంలో రైలెక్కుతావు! ఆగరా! ఇంకా అవలా!"

కళ్ళు తెరిచేసరికి వరండాలో చాప మీద ఉంది. ఆదివారం, చర్చి నుంచి వచ్చి అన్నం తిని నడుం వాల్చింది. ఎండ ఇంకా గోడ దిగలేదు. గోడ అవతల నుంచి పక్కింటి ఫేబమ్మ తల పైకెత్తి చూస్తోంది, చేతిలో బియ్యం చేట.

"ఎవురితోనమ్మా కెజియమ్మా అంత పోట్లాట? మా కోళ్ళు కూడా బెదిరిపోయినయ్యి."

కెజియా లేచి కూర్చుంది. గొంతు నిజంగానే బొంగురుపోయి ఉంది. రెండుసార్లు సవరించుకోవాల్సి వచ్చింది.

"మా అన్నయ్యతో," అంది.

ఫేబమ్మ బియ్యం చెరగడం ఆపింది. "మీ అన్నయ్య ఆగస్టులో గదమ్మా..." అని సగంలో ఆగిపోయింది.

"అవును," అంది కెజియా, ఆ బొంగురు గొంతుతోనే. "ఇంకా అవలా."