మద్దిపట్ట లారీ

ఏర్పేడు ఊరవతల వంక గట్టు పొడుగునా పద్దెనిమిది తెల్లమద్ది చెట్లు గోచీ కూడా లేకుండా నిలబడి ఉన్నాయి. మొదలు నుంచి మనిషెత్తు దాకా, చుట్టూ, గోరంత బెరడు మిగల్చకుండా ఒలిచేశారు. చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుంది. యానాదుల కాలనీలో పలక పట్టని పిల్లకు కూడా ఆ సంగతి తెలుసు.

నలభై ఏళ్లుగా గుండెదడ కషాయానికి బెరడు ఒలిచే చెయ్యి సిద్ధమ్మది. అరచేతి వెడల్పు, ఒక్క పక్కే. ఒలిచిన చోట పేడా మట్టీ మెత్తి, మూడేళ్లు ఆ మానుకు కత్తి చూపించదు. మందుల కంపెనీకి సరుకు తోలే కాంట్రాక్టరు సుందరరాజుకు అది చాలలేదు. చుట్టూ ఒలవమంటే కాలనీ కాదంది. బయటి కూలీలను దించి, ఒలిచిన పట్టను లారీకెత్తించాడు.

కంచే చేను మేస్తే చెప్పేదెవరికి? ఫారెస్టు రేంజరు జీపు సుందరరాజు ఇంటికి పోలేదు, సిద్ధమ్మ గుడిసె ముందు ఆగింది.

"చెట్లను చంపింది నువ్వే. కత్తి నీ ఇంట్లోనే దొరికింది. ఇకమీద మీలో ఒక్కరు కూడా అడవిలో కాలు పెట్టకూడదు."

"అడివి లేకుంటే మేమేం తినాల సార్, మన్నా?"

తమ్ముడు ఎల్లప్ప ఆమె చెయ్యి లాగాడు. "ఊరుకోక్కా. కాళ్లు పట్టుకుందాం."

"ఎన్నాళ్లు పట్టుకుంటావు మామా?" అతని కోడలు కోమలి ఉరిమింది. "పట్ట లారీ ఇంగా రోడ్డు మీదే ఉండాది. రాండి, ఎవురు ఒలిసినారో అందరి ముందరా తేలుద్దాం!"

అరవై మంది లారీకి అడ్డం పడ్డారు. ఆడవాళ్లు టార్పాలిన్ పీకి బెరడు పలకలు తారు మీద పరిచారు. వెనకే రేంజరు జీపూ, సుందరరాజు కారూ వచ్చాయి. సిద్ధమ్మ ఒక పలక మీద అరచెయ్యి ఆనించి అడ్డంగా కొలిచింది. ఈ కొస నుంచి ఆ కొసకు పద్నాలుగు చేతులు!

"సూడు సార్! నా కత్తి ఎప్పుడూ ఒక్క సెయ్యి దాటలా. ఇది ఎవురి కత్తి?"

రేంజరుకు తెలుసు. తెలిసే వచ్చాడు. సుందరరాజు కారు అద్దమైనా దించలేదు.

ఫారెస్టు గార్డులు సిద్ధమ్మను జీపులోకి తోశారు. జీపు కదలబోతే ఎల్లప్ప వచ్చి టైరు ముందు కూర్చున్నాడు. అతని వెనక కాలనీ మొత్తం కూర్చుంది. అటూ ఇటూ బస్సులు నిలిచిపోయాయి, జనం దిగి చూస్తున్నారు. రేంజరు తలుపు తీసి, గొంతు తగ్గించాడు.

"దిగు. నీ మీద కేసు లేదు. వీళ్లను లెయ్యమని చెప్పు."

"అడివికి పోనిస్తారా మమ్మల్ని?"

"అది వేరే సంగతి. నువ్వు దిగు."

సిద్ధమ్మ రోడ్డు వైపు చూసింది. చంటిబిడ్డ తల్లులు కూడా ఎండలో కదలకుండా కూర్చున్నారు.

"నన్నొక్కదాన్నే వదిలి, ఇంతమంది నోట్లో మన్ను కొడతావా? నీ కేసు నువ్వే పెట్టుకో. నేను దిగను."

చెయ్యి చాచి, జీపు తలుపు తానే ధడేలున వేసుకుంది.