పండగనాటి కొలత

బోయిగూడలో పొద్దున పది గంటలకు ఒక షట్టరు లేస్తుంది. ఆ చప్పుడు విని సికింద్రాబాద్ స్టేషన్లో ఆగిన రైళ్ళు కదులుతాయంటే మీరు నవ్వుతారు. నవ్వండి. నలభై ఏళ్ళుగా వింటున్న చెవులు నావి, మీవి కావు.

షట్టరు లేపేది షంషీర్, ఆరడుగుల దర్జీ. గుమ్మంలో రెండు చెంబుల నీళ్ళు చల్లుతాడు. మూల మీది హోటల్ నుంచి వచ్చిన చాయ్ సగం తాను తాగి, సగం భార్య జైతున్ బీ కప్పులో పోస్తాడు. మేకుకున్న టేపు తీసి మెడలో వేసుకుంటాడు. షట్టరు దించేదాకా అది మెడ దిగదు. జైతున్ బీ కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుడుతుంది, కొలతల పుస్తకం రాస్తుంది.

షంషీర్ కత్తెర గురించి ఒక్క మాట. ఎనిమిది పొరల సూటు గుడ్డను ఒక్క ఊపులో కోస్తే పై పొరకూ కింది పొరకూ వెంట్రుకంత తేడా ఉండదు. ఉంటే ఆ వెంట్రుకను నిలువునా చీల్చి రెండు జేబులు కుట్టగలడు. సరే, ఇక్కడ నేను కొంచెం పెంచాను. టేపు సంగతి మాత్రం ఉన్నదున్నట్టు చెబుతున్నాను, దాన్ని పెంచాల్సిన పని లేదు.

ఆ టేపు కొలిచిన రోజు కొలత ఇవ్వదు, తొడుక్కునే రోజు కొలత ఇస్తుంది. "ఏ రోజుకు?" అని షంషీర్ అడుగుతాడు. గిరాకీ రోజు చెబుతాడు. టేపు ఆ రోజు ఒంటిని కొలుస్తుంది. చిలకలగూడ చిన్నబ్బాయి పెళ్ళికి రెండు నెలల ముందు వచ్చినప్పుడు ఈనె పుల్లలా ఉన్నాడు. నడుం చుట్టూ వేస్తే టేపు ముప్పై ఆరు చూపించింది. జైతున్ బీ ముప్పై ఆరు రాసుకుంది. చుట్టాల ఇళ్ళలో విందులన్నీ తిని పెళ్ళినాడు ప్యాంటు తొడుక్కుంటే అచ్చంగా సరిపోయింది. బడి యూనిఫాంలకైతే తల్లులు జూన్‌లోనే వచ్చి, "మార్చి పరీక్షల నాటికి కొలువు భాయ్" అంటారు.

ఒక్కసారి మాత్రం, క్రిస్మస్‌కు సూటు కావాలని వచ్చిన ఒక పెద్దాయన ఛాతీ చుట్టూ వేయబోతే, టేపు చుట్ట చుట్టుకుపోయి తెరుచుకోలేదు. షంషీర్ దాన్ని మెల్లగా జేబులో పెట్టుకుని, "మంచి గుడ్డ ఇంకా రాలే సార్, వచ్చినంక కబురు చేస్త" అన్నాడు. పెద్దాయన అక్టోబరులోనే పోయాడు.

ఆ తర్వాత షంషీర్ తన ఒంటిని ఆ టేపుతో కొలవనివ్వలేదు. మెడలో వేలాడితే సరే, కొలవడానికి వీల్లేదు. ఊరికంతా కుట్టే మనిషి రెడీమేడ్ చొక్కాలు కొనుక్కునేవాడు. రంజాన్‌కు సరేసరి. నెలవంక కనబడేదాకా ఇతరుల బట్టలు కుట్టి, పండగ పొద్దున పాత కుర్తా ఉతికి వేసుకుని నమాజుకు పోయే దర్జీలు మన ఊళ్ళో ఎంతమంది లేరు!

అతని మెడలో తేడా ఉన్న సంగతి బయటపడింది కూడా కిందటి రంజాన్ పండగనాడే. నమాజు అయ్యాక మసీదు వాకిట్లో అందరూ ఒకరినొకరు మూడేసి సార్లు కౌగిలించుకుంటున్నారు. మొదటిసారి తల కుడికి, రెండోసారి ఎడమకి, మళ్ళీ కుడికి. బావమరిది జావీద్‌ను కౌగిలించుకుంటూ రెండోసారి తల ఎడమకి వంచాడో లేదో, మెడలో ఒక కరెంటు పుట్టి భుజం మీదుగా ఎడమ బొటనవేలి దాకా పాకింది. షంషీర్ ఆగిపోయాడు. మిగతావాళ్ళందరికీ ఛాతీ మీద చెయ్యి పెట్టి సలాం చెప్పాడు. అంత దగ్గరివాళ్ళకు దూరంనుంచి సలాం చెప్పడం అందరికీ కొత్తగా అనిపించింది.

ఆపైన బొటనవేలు, చూపుడువేలు మొద్దుబారాయి. పెద్ద నొప్పేం కాదు, పని ఆగలేదు. కాకపోతే సుద్దముక్క వేళ్ళ మధ్య ఉందో లేదో చూసుకుంటే తప్ప తెలిసేది కాదు. సెప్టెంబరులో స్కానింగ్ తీయించారు.

డాక్టర్ ఆషర్ పెళ్ళి సూటు కుట్టింది షంషీరే. ఆయన ఫిల్మును దీపం ముందు పెట్టి, షంషీర్ చేతిని తన చేత్తో నెట్టి చూశాడు, నడిపించి చూశాడు.

"ఇగో, ఇక్కడ డిస్క్ జెర బయటికొచ్చి నరాన్ని తాకుతుంది. కానీ చెయ్యిలో బలం మంచిగుంది, నడక మంచిగుంది. ఆపరేషన్ చేస్తే బాగయ్యే చాన్స్ ఎక్కువే. కానీ గొంతు ముందునుంచి పోవాలె. గొంతు బొంగురు కావచ్చు, మింగుడు తక్లీఫ్ కావచ్చు, ఎప్పుడో ఒకరికి నరం దెబ్బతినొచ్చు. చెయ్యకపోతే, శానా మందికి ఎక్సర్సైజులతోనే తగ్గుతది. కొందరికి పెరుగుతది."

"మరి నేనేం చెయ్యాలె సార్?"

"బలం తగ్గుంటే నేనే చేయించుకో అంటుంటి. తగ్గలే. రెండిట్ల ఏదీ తప్పు కాదు భాయ్. నవంబర్ల చేస్తే రంజాన్ సీజన్‌కు కోలుకుంటరు. ఈ నెలాఖరుకు చెప్పుండ్రి."

నీకు నాలుగు బొత్తాల కోటు నప్పదని పెద్ద పెద్ద ఆఫీసర్ల మొహం మీదే తేల్చి చెప్పే మనిషికి తన మెడ గురించి తేలలేదు. బోయిగూడ మాత్రం తేల్చేసింది, అదీ రెండుగా చీలి. ఒక పక్షానికి పెద్ద సామ్యూల్ సార్. రిటైరైన టీచరు, చర్చి పాటల బృందంలో ఆయన గొంతు లేస్తే గంట దానంతటదే మోగుతుంది. ఎనిమిదేళ్ళ కిందట ఆయన మెడకు ఆపరేషన్ అయింది.

"చేయించుకో షంషీర్ భాయ్. నన్ను చూడు," అంటూ స్టూలు మీద కూర్చుని తల కుడికీ ఎడమకీ తిప్పి చూపించేవాడు.

"సార్, మీకప్పుడు చెయ్యే లేవకపోతుండె," అన్నాడు రెండో పక్షం జావీద్. బావను అతను పిలిచేది దుల్హాభాయ్ అనే. "మా దుల్హాభాయ్ చెయ్యి సీలింగ్ ఫ్యాను దాక లేస్తుంది. లేచే చెయ్యికి కత్తెందుకు?"

"లేవకుండ అయినంక పోతే లాభమేందయ్యా? నేను ఆలస్యం చేసిన. ఈ చిటికెన వేలు ఇప్పటికీ నాది గాదు."

"అది ఎవరిదైతే ఏంది సార్, మీరు పాడేది గొంతుతోని గదా! ఈయన వేళ్ళతోని బతుకుతడు."

"అందుకే చేయించుకొమ్మంటున్న!"

"అందుకే వద్దంటున్న!"

షంషీర్ ఇద్దరి మాటా విన్నాడు. ఇద్దరూ చూపించేవి అవే వేళ్ళు, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అదే అతనికి నిద్ర లేకుండా చేసింది.

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా ఒక శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయ్యాక, జైతున్ బీ సూది కింద పెట్టింది.

"జెబా అబ్బా, ఆ టేపు ఇటియ్యి." జెబా వాళ్ళ కూతురు; అబ్బా అంటే నాన్న.

"ఎందుకు?"

"వచ్చే రంజాన్‌కు నీకు షేర్వానీ కుట్టాలె. ముప్పై ఏండ్లాయె, పండగనాడు నీ ఒంటి మీద కొత్త బట్ట చూడలే."

షంషీర్‌కు అర్థమైంది. టేపును రెండు చేతులా పట్టుకున్నాడు. "అది తెరుచుకోకుంటే?"

"తెరుచుకోకుంటే ఇద్దరం కలిసి చూస్తం. ఒక్కనివి పరేషాన్ అయితున్నవు గదా, గదానికంటే నయమే." చెయ్యి చాపింది. "ఏ రోజుకు?"

షంషీర్ టేపు ఆమె చేతిలో పెట్టాడు. "రంజాన్ పండగకు."

ఆమె ఛాతీ చుట్టూ టేపు వేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి షంషీర్ కళ్ళు మూసుకుని కొలత ఇచ్చాడు. టేపు మెత్తగా తెరుచుకుంది. నలభై. జైతున్ బీ గట్టిగా ఊపిరి వదిలింది. కుడి దండచెయ్యి చుట్టుకొలత పదమూడు. ఎడమ దండ చుట్టూ వేసి రెండుసార్లు చూసింది. పదమూడు.

"చూసినవా! చెయ్యి చిక్కలే. ఆపరేషన్ అక్కర లేదు."

"తొందరపడకు," అన్నాడు షంషీర్. "ఆపరేషన్ చేయించుకున్నందుకే చిక్కలేదేమో. టేపు పండగ రోజును చూపిస్తది గానీ, అక్కడిదాక పోయిన తొవ్వను చూపించదు."

ఆమె షేర్వానీకి ముందు పొడవు తీసింది, వెనక పొడవు తీసింది. రాసుకుని, మొహం చిట్లించింది. "నీ పాత కుర్తా కంటే ముందు ఇంచున్నర ఎక్కువొచ్చింది. వెనక ఇంచు తక్కువొచ్చింది. గిట్లెట్ల?"

షంషీర్ పుస్తకం లాక్కున్నాడు. కుట్టుపనిలో ఇది తొలి ఏడాదే నేర్చుకునే సంగతి: వంగిన మనిషికి ముందు తక్కువ, వెనక ఎక్కువ. నిటారు మనిషికి అటుది ఇటు. ముప్పై ఏళ్ళుగా షంషీర్ భుజాలు ముందుకు, తల ఇంకా ముందుకు. అది ఊరందరికీ తెలుసు.

"గిది నాది గాదు జైతున్. నిలువుగ నిలబడేటోనిది."

"టేపు ఉన్నది నీ ఒంటి మీదనే గదా."

"డాక్టర్ సాబ్ డిస్క్ సరిజేస్తడు. గీ వంపు ఎట్ల తీస్తడు? ఇది అసలు ఏడికెల్లి వచ్చిందో..." అంటూ అతను అలవాటుగా కటింగ్ బల్ల మీదికి వంగాడు. వంగి, అలాగే ఉండిపోయాడు.

ఆ బల్ల అతని ఉస్తాద్ జకర్యా చేయించుకున్నది. ఉస్తాద్ అయిదడుగుల మనిషి. ఆయన పోయి ఇరవై ఏళ్ళు దాటింది, బల్ల మాత్రం ఆయన ఎత్తుకు తగ్గట్టే నిలబడి ఉంది. షంషీర్ నేల నుంచి టేపు పెట్టి చూశాడు. ముప్పై అంగుళాలు. జైతున్ బీ అతని నడుం ఎత్తు చూసింది. నలభై.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "సికింద్రాబాద్ సగం ఊరిని కొలిచినవు! రోజుకు పది గంటలు నిలబడే బల్లను కొలవలేదా మనిషీ?"

"ఉస్తాద్ బల్ల గదనే," అన్నాడు షంషీర్ చిన్నగా. "కొలవాలని తోచలే."

మర్నాడు డాక్టర్ ఆషర్ గదిలో షంషీర్ నిలబడే మాట్లాడాడు. "సార్, కత్తి పెట్టినా పెట్టకున్నా నేను నిలువుగ నిలబడుడు నేర్చుకోవాలె. ముందు అది చేస్త. పండగ దాక ఆగుత."

"టేపు ఏమన్నది?"

"రెండు దండలు పదమూడు."

డాక్టర్ కాగితం మీద ఆ రెండు అంకెలూ రాసుకున్నాడు. "మంచిది. నెలకోసారి వచ్చి బలం చూపించాలె. చేతిలకెల్లి సామాన్లు జారినా, నడకల తూలినా, మూత్రం బందయినా, అప్పటికప్పుడు రావాలె. అప్పుడు టేపును అడగొద్దు."

"అడగ సార్."

వడ్రంగి వచ్చి, బల్ల షంషీర్ నడుం కన్నా కాస్త కిందికి ఉండేలా, కాళ్ళకు ఎనిమిది అంగుళాల దిమ్మలు బిగించాడు. హదస్సా అనే ఫిజియోథెరపీ అమ్మాయి గంటకోసారి గోడకు వీపు ఆనించి గడ్డం వెనక్కి లాగమంది. జైతున్ బీ ఫోన్లో అలారం మోగగానే షంషీర్ కత్తెర కింద పెట్టి గోడకు నిలబడేవాడు. కొన్నాళ్ళకు గిరాకీలూ లేచి పక్కన నిలబడడం మొదలుపెట్టారు. ఆ చలికాలం బోయిగూడలో వంగి నడిచిన మనిషిని చూపిస్తే నా మీసం తీయించుకుంటానని అప్పుడే పందెం కాశాను. మీసం ఇంకా ఉంది.

షేర్వానీ మాత్రం టేపు చెప్పిన కొలతకే కోశాడు. డిసెంబరులో తొడిగి చూస్తే ముందు అంచు వేలాడింది, వెనక అంచు కోడి తోకలా పైకి లేచింది, మెడ హుక్కు గొంతు పట్టుకుంది. జావీద్ నవ్వీ నవ్వీ నేల మీద కూర్చున్నాడు.

జనవరిలో ఒక పెళ్ళివారి ఇంట్లో రెండు రోజులు నేల మీద కూర్చుని గుడ్డ కోసివచ్చాడు. మూడో రోజు కరెంటు మళ్ళీ వేలి దాకా పాకింది. షంషీర్ తనంతట తానే ఆస్పత్రికి పోయి, "ఇక చేసెయ్యండి సార్" అన్నాడు. డాక్టర్ చెయ్యి నెట్టి చూశాడు. బలం అంతే ఉంది.

"చెయ్యమంటే వచ్చే వారం చేస్త. కానీ నేల మీద కూసున్నందుకు కోపం చేసింది మెడ. ఇంకో రెండు వారాలు చూస్తరా?"

షంషీర్ వరండాలో గంటసేపు కూర్చున్నాడు. తన బొటనవేలితో చూపుడువేలిని రుద్దుకుంటూ, ఆ స్పర్శ పూర్తిగా పోతే ఏం చేయాలో, ఆపరేషన్‌లో కత్తి తప్పితే ఏం చేయాలో, రెండూ చివరిదాకా ఆలోచించాడు. పద్నాలుగు రోజులు చూస్తానని చెప్పి లేచాడు. పదకొండో రోజుకు కరెంటు మోచేతి దగ్గరే ఆగింది. ఇరవయ్యో రోజుకు భుజం దాటలేదు.

పండగ పొద్దున షంషీర్ అద్దం ముందు షేర్వానీ తొడిగాడు. ముందు అంచూ వెనక అంచూ నేలకు సమంగా దిగాయి. మెడ హుక్కు చిన్నది, బియ్యపు గింజంత. జైతున్ బీ పెట్టబోతే వద్దన్నాడు. అద్దం వైపు చూడకుండా, ఎడమ చేతి బొటనవేలితో, చూపుడువేలితో తడిమి పట్టుకుని, తనే పెట్టుకున్నాడు. వేలికొసన ఇంకా కాస్త తిమ్మిరి ఉంది. అయినా హుక్కు చల్లగా తగిలింది.

"టేపు చెప్పిందని నిలబడ్డవా, నువ్వు నిలబడ్డవని టేపు చెప్పిందా?" అంది జైతున్ బీ వెనకనుంచి.

"గవన్నీ మనకెందుకే? సరిపోయిందా చూడు."

ఆమె వెనక్కి జరిగి తలనుంచి కాళ్ళదాకా చూసింది. అలవాటుగా అతను మెడలో వేసుకున్న టేపు తీసి మేకుకు తగిలించింది.

నమాజు అయ్యాక మసీదు వాకిట్లో జావీద్ ఎదురొచ్చాడు. పండగ శుభాకాంక్షలు చెప్పడానికి సామ్యూల్ సార్ కూడా ఇస్త్రీ చొక్కాలో వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. జావీద్ చేతులు చాపాడు. మొదటిసారి, తల కుడికి. అక్కడితో జావీద్ వదిలేయబోయాడు, కిందటి ఏడు గుర్తుండి.

షంషీర్ వదల్లేదు. తల ఎడమకి వంచి, బావమరిది భుజం మీద ఆనించి, ఒక్క క్షణం కరెంటు కోసం ఎదురుచూశాడు. వాకిట్లో పిల్లల అరుపులు వినబడ్డాయి. అత్తరు వాసన వచ్చింది.

"దుల్హాభాయ్?" అన్నాడు జావీద్ భయంగా.

"ఆగరా," అని షంషీర్ మూడోసారి తల కుడికి తిప్పాడు. అతని భుజం మీదుగా సామ్యూల్ సార్‌ను చూసి, "సార్, తర్వాత మీరే. మూడు సార్లు," అన్నాడు.