చక్కెర వేయని కప్పు

ఆ చెంచాడు చక్కెర రావుగారి గుండెకు కీడు చేస్తోందా అన్న అనుమానం సాయిలును ఆరేళ్లుగా వదల్లేదు. ఈ ఉదయం కూడా స్టవ్‌కు బొట్టు పెట్టి, గోడమీది ఎల్లమ్మ పటానికి దండం పెట్టుకుంటూ అదే అడిగాడు.

అమీర్‌పేటలో ఒక సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్. మూడో అంతస్తులో, మెట్ల పక్కన మంచమంత టీ గది. సాయిలు అక్కడ నిలబడి ఇరవై రెండేళ్లయింది. మరిగే గిన్నెను గుడ్డ లేకుండా దించీ దించీ అతని బొటనవేళ్లు తోలులా మొద్దుబారాయి. వేలమంది పిల్లలు అతని టీ తాగి ఉద్యోగాలకు వెళ్లిపోయారు. పేర్లు గుర్తుండవు గాని, ఎవరికి ఎంత చక్కెర వేయాలో అతను ఎన్నడూ పొరబడలేదు. ఒక్క రామ్మోహనరావుగారి విషయంలో తప్ప.

రావుగారు డేటాబేస్ పాఠాలు చెప్పే పెద్దాయన. ఆరేళ్ల కిందట ఛాతీలో నొప్పి వస్తే పంజాగుట్టలో ఒక ఆసుపత్రిలో స్టెంట్ వేశారు. మళ్లీ పనిలోకి వచ్చిన రోజే కోకో పొడి డబ్బా తెచ్చి సాయిలు చేతికిచ్చారు.

"రక్తనాళాలకు మంచిదని చదివాను. డాక్టరేమో ఇది మందేం కాదు, మాత్రలూ నడకా మానొద్దు, తాగితే మాత్రం చక్కెర లేకుండా తాగమన్నాడు. రోజూ పదకొండింటికి ఒక కప్పు కలిపివ్వు."

సాయిలు ఆ పొడిని నాలుక మీద వేసుకుని చూశాడు. కాకరకాయే నయం. చావు దాకా వెళ్లొచ్చిన మనిషికి తన చేత్తో అంత చేదు ఇవ్వడానికి మనసొప్పలేదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వుకైనా బెల్లం తోడుంటుంది కదా అనుకుని ఒక చెంచా చక్కెర వేశాడు. "బాగుందయ్యా" అన్నారు రావుగారు. ఆ మాట విన్నాక ఇక మానడం చేతకాలేదు.

ఇవాళ రావుగారికి ఆఖరి రోజు. రిటైరై కాకినాడ వెళ్లిపోతున్నారు. "దేవునికి చెప్పింది చాలు. జర ఆ సారుకు చెప్పు" అంది పొద్దున భార్య రుద్రమ్మ, టిఫిన్ డబ్బా చేతికిస్తూ.

పదకొండయింది. చక్కెర డబ్బా మూత తీసిన చెయ్యి ఆగింది. మూత మళ్లీ పెట్టేశాడు.

టీ గదికి వచ్చిన రావుగారు ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. "ఏంటి సాయిలూ, పొడి మార్చావా?"

"లేదు సార్. ఇయ్యాల చక్కెర ఎయ్యలే."

"ఇవాళ వేయకపోవడమేంటి?"

"ఆరేండ్ల సంది రోజూ ఒక చెంచా ఏసిన సార్. మీకు చేదు ఇయ్యబుద్ధి కాలే. మీ గుండెకు ఏమన్న అయితదేమోనని రోజూ ఫికరే."

రావుగారు కప్పు బల్లమీద పెట్టారు. "షుగరు అంచున ఉంది, ఎక్కడో తీపి తింటున్నారని డాక్టర్ అంటే నా భార్య జానకిని అనుమానించాను. పెసరట్టులోకి ఆవిడ చేసే అల్లప్పచ్చడిలో బెల్లం ఉందని పోట్లాడి మాన్పించాను."

సాయిలు తల వంచుకున్నాడు. "తప్పయింది సార్."

"పైగా, చేదు నాకు అలవాటైపోయిందని క్లాసులో గొప్పలు." ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నారని సాయిలుకు కాసేపటికి గాని తెలియలేదు. "అయితే నువ్వు నాకు ఒక చేదు కప్పు బాకీ."

"గదే సార్ ఇది." సాయిలు తటపటాయించాడు. "మరి గుండె?"

"మొన్న చూపించుకుంటే బాగానే ఉందన్నారు. మాత్రల వల్లో, నడక వల్లో, దీని వల్లో నాకేం తెలుసు? ముందు ఇంటికెళ్లి జానకికి క్షమాపణ చెప్పాలి."

మొహం చిట్లించుకుంటూనే కప్పంతా తాగారు. సాయిలు మొద్దువేళ్లను తన రెండు చేతుల్లోకి తీసుకుని ఒకసారి నొక్కి, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగారు. మెట్రో వైపు వెళ్లే జనంలో ఆ తెల్లజుట్టు కలిసిపోయేదాకా సాయిలు కిటికీ దగ్గరే నిలబడ్డాడు.

బల్లమీద కప్పు అలాగే ఉంది. రోజూ అడుగున మిగిలే తీపి జిగురు ఇవాళ లేదు. సన్నటి గోధుమరంగు వలయం ఒక్కటే ఉంది.