డెల్బర్ట్ కుడి కన్ను

మేమంతా తప్పులు వెతికేవాళ్ళం. మనుషుల్లో కాదు, నాణేల్లో. మనుషుల్లో తప్పులు వెతికే పని మా ఊళ్ళో చర్చి ఆడవాళ్ళు ఎప్పుడో తీసేసుకున్నారు. టంకశాలలో యంత్రం జారి బొమ్మ పక్కకి పడ్డ నాణెం, రేకు చాలక అంచు తెగిపోయిన నాణెం, అచ్చులోనే అక్షరాలు జంటగా దిగి జంటగానే బయటికొచ్చిన నాణెం, ఇలాంటివి చూస్తే మాకు ఆకలి గుర్తుండదు. ఏటా అక్టోబరులో డావెన్‌పోర్ట్‌లో నది ఒడ్డున ఓ పాత హోటలు హాలు అద్దెకి తీసుకుని చుట్టుపక్కల రాష్ట్రాల నుంచి వచ్చి చేరతాం. తివాచీ ముక్కిపోయిన వాసన, కాఫీ చేదు, కిటికీల బయట నది మట్టి రంగు. అయినా ఏడాదంతా ఆ రెండు రోజుల కోసమే బతికేవాళ్ళు మాలో ఉన్నారు.

శనివారం భోజనాలయ్యాక ‘చుట్టు’ ఉంటుంది. ఆ ఏడాది తనకి దొరికినది గొప్పదని ఎవరికైనా గట్టి నమ్మకం ఉంటే ఆ నాణేన్ని పొడుగు బల్ల మీద పెడతారు. అది చేయి మారుతూ బల్లంతా తిరుగుతుంది. ఎవరి భూతద్దం వాళ్ళది. చూసి ‘చూశాను’ అనాలి, లేదా ‘చూడలేదు’ అనాలి. మూడో మాట లేదు. అందరూ చూశామంటే ఆ నాణేనికి మా క్లబ్బులో పేరు వస్తుంది. ఒక్కరు చూడలేదన్నా నోరు మూసుకుని జేబులో వేసుకోవాలి. ఈ పద్ధతి పెట్టింది డెల్బర్ట్ కుచేరా. నాణెం ఎప్పుడూ తల నిటారుగా పెట్టే చూడాలన్న నియమమూ ఆయనదే. సెంటు నాణెం మీది లింకన్ బొమ్మకి నెత్తి పైకి, గడ్డం కిందికి. అప్పుడే ఒకరు ‘ఎడమ పక్క కింద’ అంటే మిగతా అందరికీ అదే చోటు తెలుస్తుందని ఆయన వాదన.

డెల్బర్ట్ ట్రాక్టర్ల కార్ఖానాలో తనిఖీ పని చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు టపాకాయ పేలి ఎడమ కన్ను పోయింది. వెలుతురుందో లేదో తెలుస్తుంది, అంతే. మిగిలిన కుడి కన్ను మాత్రం రెండు కళ్ళ పని చేసేది. మా అందరి భూతద్దాలూ తేల్చలేనిది ఆ కన్ను తేల్చేది. తేల్చాక మొహమాటం ఉండేది కాదు. నేను స్కూలు బస్సు నడిపే రోజుల్లో మొదటిసారి ఓ నాణెం తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఆయన చూసి, “నొరీన్, ఇది టంకశాల తప్పు కాదు, నీ తప్పు. దీని మీదుగా బస్సు పోనిచ్చావు” అన్నాడు. హాలంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. కానీ ఆ రోజు నుంచి ఆయన ‘ఉంది’ అంటే ఉందనీ, ‘లేదు’ అంటే లేదనీ కళ్ళు మూసుకుని నమ్మాను. నమ్మకం అంటే నాకు అదే.

ఓ ఏడాది తుంటి ఆపరేషన్ అయి నేను రాలేకపోయాను. మరుసటి ఏడు కర్ర ఊతంతో వచ్చేసరికి గుమ్మంలోనే డెల్బర్ట్ ఎదురయ్యాడు. పక్కన ఆయన భార్య ఆర్డిస్, చేతిలో పళ్ళెం, అందులో గుమ్మడికాయతో చేసిన ‘పై’ అనే తీపి వంటకం.

“ఏం నొరీన్, కొత్త తుంటి ఎలా ఉంది? దాంట్లోనూ తయారీ లోపాలున్నాయా?”

“ఉంటే నీ దగ్గరికే తెస్తాను. బస్సు తొక్కిందని మాత్రం అనకు.”

ఆయన నవ్వాడు. మనిషి ఉత్సాహంగా ఉన్నాడు. కిందటేడు చుట్టులో ఆయన పెట్టిన సెంటుకి అందరూ చూశామన్నారట. ఈ ఏడు అంతకన్నా గొప్పది దొరికిందట. ఒకటి కాదు, డబ్బా నిండా ఉన్నాయట.

“మంచి నాణేలు ఇన్ని ఒకేసారి ఎక్కడ దొరుకుతున్నాయి నీకు?” అన్నాను.

“చూసే కన్నుండాలి గానీ ఎక్కడైనా దొరుకుతాయి. అసలు ఈ దేశంలో పని మీద శ్రద్ధ పోయింది నొరీన్. పొద్దున్న పేపరు చూశావా? అక్షరాలకి నీడలు. హైవే మీద బోర్డులు కూడా అంతే, ఒకదాని మీద ఒకటి వేస్తున్నారు వెధవలు. చర్చిలో కొత్త పాటల పుస్తకాలు కొన్నారు, అవీ అంతే.”

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వబోయాను. క్లబ్బు అధ్యక్షుడు వెండెల్ స్ట్రోప్ మాత్రం నవ్వుతూనే తల దించుకుని బూట్ల వంక చూశాడు. వెండెల్ పన్నుల లెక్కలు చూసే మనిషి, ఎవరినీ నొప్పించడు, అందుకే అధ్యక్షుడయ్యాడు. వాడు బూట్లు చూసుకున్నాడంటే ఏదో దాస్తున్నాడని అర్థం.

భోజనాల్లో హామ్ శాండ్‌విచ్, బంగాళాదుంపల సలాడ్ పెట్టారు. నాకు సగం కూడా లోపలికి పోలేదు. బల్లలు తుడిచాక డెల్బర్ట్ చొక్కా జేబులోంచి ఓ సెంటు తీసి, తల నిటారుగా తిప్పి, వెండెల్ ముందుకు తోశాడు.

“ఏడాది అంకెలు చూడండి. ఎడమ పక్కకి, కిందికి, ప్రతి అంకెకీ జంట ఉంది. గుడ్డివాడికి కూడా కనిపిస్తుంది.”

వెండెల్ భూతద్దం ఎత్తి, నాణెం మీదికి పూర్తిగా దించకముందే, “చూశాను” అన్నాడు. పక్కాయన చూశానన్నాడు. ఆ పక్కావిడ కూడా. నాణెం గబగబా వస్తోంది. మా చుట్టు ఎప్పుడూ అలా పరిగెత్తదు. మామూలుగా అయితే ఒక్కొక్కరు దీపం జరిపి, అద్దాలు తుడిచి, ముక్కు నాణేనికి ఆనించి చంపుకు తింటారు.

నా చేతికి వచ్చింది. తల నిటారుగా పెట్టి చూశాను. దీపం దగ్గరికి లాక్కుని మళ్ళీ చూశాను. ఏమీ లేదు. చిల్లర కొట్లో పారేసే మామూలు సెంటు. తలెత్తితే ఒక్కరు కూడా నా కళ్ళలోకి చూడటం లేదు. అందరికీ తెలుసు. అందరూ కలిసి ముసలాయన్ని పసిపిల్లాడిలా లాలిస్తున్నారు. నాకు కోపం తలకెక్కింది, ఆ వెంటనే భయం వేసింది. ఆయనకి ఉన్నది ఆ ఒక్క కన్నే.

‘చూడలేదు’ అని ఊరుకోవచ్చు. అప్పుడు ఆయన నా కళ్ళకే వంక పెడతాడు. నేను లేచి ఆయన దగ్గరికి వెళ్ళి నాణెం తలకిందులుగా పెట్టాను.

“నియమం తప్పుతున్నావు” అన్నాడు.

“తెలుసు. ఒక్కసారి ఇలా చూడు. జంట ఎటు పక్కన ఉంది?”

డెల్బర్ట్ వంగి చూశాడు. అచ్చులో తప్పుంటే నాణెం తిప్పినప్పుడు ఆ తప్పు కూడా నాణెంతో తిరగాలి. కింద ఉన్నది పైకి రావాలి. ఇది ఆయనకి నేను చెప్పే విషయం కాదు.

“ఎడమ పక్కే” అన్నాడు మెల్లగా. “కిందే.”

నాణెం నిలువుగా తిప్పాడు. అడ్డంగా తిప్పాడు. జేబులోంచి ఇంకో సెంటు తీసి చూశాడు. బల్ల మీదున్న నా నాణేల డబ్బాలోంచి ఒకటి తీసుకుని చూశాడు. చివరికి తన వేలి ఉంగరం మీది గీతలు చూసుకున్నాడు. తర్వాత మడత భూతద్దం మూసి బల్ల మీద పెట్టాడు.

“నాణెంలో లేదు” అన్నాడు డెల్బర్ట్.

ఆయన వెండెల్ వైపు తిరిగాడు.

“వెండెల్, కిందటేడు నా సెంటులో జంట చూశావా?”

“డెల్, అదీ... నీ సంతోషం చూసి మేము...”

“నేనడిగింది అది కాదు. చూశావా?”

“లేదు.”

పక్కాయన్ని అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. “నోటితో చెప్పు” అన్నాడు డెల్బర్ట్. ఒక్కొక్కరినీ వరసగా అడిగాడు, వరసగా లేదన్నారు. ఇదీ ఓ చుట్టే. తన కన్ను మీదే ఆ చుట్టు నడిపించాడు మనిషి.

బల్ల చివర ఆర్డిస్ గుమ్మడి ‘పై’ కోయడానికి తీసిన చాకు అలాగే పట్టుకుని నిలబడి ఉంది. “కిందటేడు ఇక్కడికి వచ్చే ముందు నీకు కళ్ళ డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను డెల్” అంది. “పాటల పుస్తకం చదవలేక నువ్వు చికాకు పడుతున్నావని. ఇక్కడ అంతమంది చూశామన్నారు. ఇంటికొచ్చి, నా కంటికేం, బల్లంతా ఒప్పుకుంది అన్నావు. నాకూ ప్రాణం లేచొచ్చింది. ఫోన్ చేసి రామని చెప్పేశాను.”

వెండెల్ లేచి బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి నేనూ వెళ్ళాను. నది వైపు తిరిగి నిలబడి ఉన్నాడు.

“మంచికే చేశాం నొరీన్. ఆయన ఎన్నేళ్ళుగా మాకు...”

“ఎన్నేళ్ళుగా మీకు నిజం చెప్పాడు. ఆయన పుణ్యమా అని దొంగ నాణేలు కొనకుండా బతికావు. నువ్వు ఆయనకి ఒక్క నిజం చెప్పలేకపోయావు.”

ఇంకా చాలా అన్నాను. అంతా ఇక్కడ రాయను.

ఆ వారంలోనే వాళ్ళిద్దరినీ నా కారులో అయోవా సిటీ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. కంటి వెనక నెత్తురు నాళాలు చెడి కారుతున్నాయట. అక్షరాలకి నీడలు కనబడటం మొదలైనప్పుడే వచ్చి ఉంటే సూది మందుతో చాలావరకు నిలబెట్టేవాళ్ళమని డాక్టరమ్మ చెప్పింది. ఇప్పుడు నడిమధ్య మచ్చ కట్టిందట. ఇక చూపు అంచులే మిగులుతాయట. ఆమె మెత్తగానే చెప్పింది. ఆర్డిస్ ఆసుపత్రిలో ఏడవలేదు, కారులో దారంతా ఏడ్చింది. డెల్బర్ట్ కిటికీ వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. ఆయనకి దారి పక్క మొక్కజొన్న చేలు ఎంతవరకు కనిపిస్తున్నాయో అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

మళ్ళీ అక్టోబరు వచ్చింది. డెల్బర్ట్ రాడనుకున్నాం. ఆర్డిస్ మోచేయి పట్టుకుని వచ్చాడు. కుర్చీ వెతుక్కోవడానికి చేయి గాలిలో తడిమింది. వెండెల్ పరిగెత్తుకొచ్చి కుర్చీ జరిపాడు. డెల్బర్ట్ థాంక్స్ చెప్పి కూర్చున్నాడు.

ఆ ఏడు చుట్టులో నా నాణెం పెట్టాను. నా జన్మలో అలాంటిది దొరకలేదు, ఇంకెప్పుడూ దొరకదు. అచ్చులోనే జంట దిగింది. ఎటు తిప్పినా నాణెంతోనే తిరుగుతుంది, వంద సార్లు తిప్పి చూసుకున్నాను. ఈసారి ఎవరూ తొందరపడలేదు. అద్దాలు తుడిచారు, దీపాలు జరిపారు. ఒక్కొక్కరూ చూశామన్నారు. వాళ్ళు నిజంగానే చూశారు, నాకు తెలుసు.

ఆఖరికి నాణెం డెల్బర్ట్ దగ్గరికి వచ్చింది. ఆయన దాన్ని వేళ్ళతో తడిమి తల ఎటుందో కనుక్కుని, నిటారుగా తిప్పాడు. భూతద్దం కంటికి పెట్టుకున్నాడు. కొద్దిగా పక్కకి తిరిగి, కంటి అంచుతో అందుకోవాలని చూశాడు. చాలాసేపు చూశాడు. వెండెల్ ఆయన చెవి దగ్గర వంగి, “చూశానని అనెయ్ డెల్. నిజంగానే ఉంది” అన్నాడు.

“పోయినసారి కూడా ఉందనే అన్నావు.”

వెండెల్ వెనక్కి జరిగాడు.

“ఇది నా నాణెం డెల్” అన్నాను నేను.

“నీదైతే ఉండే ఉంటుంది నొరీన్. నువ్వు చెబితే నమ్ముతాను” అన్నాడు. నాణెం నా గొంతు వినిపించిన వైపు చాచి పట్టుకున్నాడు. “కానీ నేను చూడలేదు.”

నేను వెళ్ళి తీసుకున్నాను. మా పద్ధతి ప్రకారం జేబులో వేసుకున్నాను. ఆర్డిస్ గుమ్మడి ‘పై’ కోసి, మొదటి ముక్క ఆయన చేతిలో పెట్టింది.