మా అమ్మ చూడని రిపోర్టు

మా హారతికి గౌన్లు తిరగేసి తొడుగుతాను. కుట్లు ఒంటికి రాసుకుంటే అక్కడ బొబ్బ లేస్తుంది. పుట్టిన రోజునే నర్సు కాలు పట్టుకుని ఎత్తితే మడమ మీది చర్మం ఊడి ఆమె గ్లవుజుకి అంటుకుంది. ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. ఈ తొమ్మిదేళ్ళూ పొద్దున్న ఆరు నుంచి ఎనిమిదిన్నర దాకా నాకు వేరే పని లేదు. ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్ళతో నిన్నటి కట్లు నానబెట్టాలి. అవి వాటంతటవే వదిలేదాకా ఆగాలి. కొత్త బొబ్బల్ని సూదితో గుచ్చి నీరు తీసి, వాజిలీన్ రాసిన పల్చటి గుడ్డ పరిచి మళ్ళీ కట్టాలి. తొందరపడితే చర్మం కట్టుతోపాటు వచ్చేస్తుంది. బీఈడీ చదివి స్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, ఇప్పుడు నా కూతురి ఒంటి మీద ఎన్ని పుళ్ళున్నాయో రోజూ లెక్కపెడతాను. ఆ రెండున్నర గంటల్లో మా ఆయన లోకనాథ్ స్నానం చేసి, టిఫిను తిని, ఎరువుల కొట్టుకి వెళ్ళిపోతాడు. "రక్తం చూడలేనే దుర్గా, కళ్ళు తిరుగుతాయి" అంటాడు. ఆదివారం కొరమీను మాత్రం దగ్గరుండి కోయించి తెస్తాడు.

మాది మేనరికం, లోకనాథ్ నాకు బావ. అత్తగారు రామతులసి మా నాన్నకి సొంత చెల్లెలు. "మా అన్నయ్య కూతురు, మా ఇంటి పిల్ల" అని నన్ను చిన్నప్పుడే కొడుక్కి అనుకుంది. హారతి పుట్టిన మూడో రోజున ఆసుపత్రి వరండాలో అదే నోటితో అంది. "మా పుట్టింట్లో ఏడు తరాలు చూసుకున్నా ఇలాంటిది లేదు. ఇది వదిన వైపు నుంచి వచ్చిందే." వదిన అంటే మా అమ్మ, రత్తమ్మ. అందరి రక్తం ఒకటైన ఆ ఇంట్లో బయటినుంచి వచ్చిన మనిషి అమ్మ ఒక్కతే. ఆ మాట అన్నప్పుడు అమ్మ ఫ్లాస్కులోంచి నాకు పాలు వంపుతోంది. చెయ్యి ఆగింది. నాన్న ఏమీ అనలేదు. బావ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. పచ్చి బాలింతని, పిల్ల కాలికేసి చూస్తూ ఉండిపోయాను. ఈరోజుకీ నన్ను కాల్చేది ఆ మౌనమే.

తర్వాత అమ్మ పిఠాపురం దగ్గర తన పుట్టింటికి వెళ్ళి ముసలివాళ్ళందర్నీ అడిగింది. మన వాళ్ళలో ఒంటి మీద పుళ్ళున్నవాళ్ళు ఎవరైనా ఉండేవారా అని. ఎవరో ఒక పెద్దమ్మమ్మకి ఎప్పుడో సెగగడ్డలు లేచేవని చెప్పారట. అంతే, అమ్మ నమ్మేసింది. ఉప్పు మానేసింది. అన్నవరం కొండ మెట్లకి పసుపు రాసి బొట్లు పెడుతూ మోకాళ్ళ నొప్పులతో పైదాకా ఎక్కింది. మా ఇంటికి వస్తే పిల్ల గదిలోకి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడేది. "లోపలికి రా అమ్మా" అంటే, "నా నీడెందుకులే" అనేది. ఒకసారి కట్లు ఉతికి ఆరేస్తూ, నా వైపు చూడకుండా అంది. "మీ నాన్న నన్ను చేసుకోకపోతే నీకీ బాధ ఉండేది కాదే." అప్పుడైనా "అదేం మాటమ్మా" అనాల్సింది. లోపల పిల్ల పిలిచిందని వెళ్ళిపోయాను. రెండేళ్ళ క్రితం, గుండె ఆగి పోయింది అమ్మ.

పోయిన ఏడు విశాఖపట్నంలో ఒక ఆసుపత్రివాళ్ళు పిలిచారు. కొత్త మందు పరీక్షిస్తున్నారట. ఒంటికి పూసేదే. డాక్టరుగారు ఓపిగ్గా చెప్పింది. "చర్మం పై పొరని కింది పొరకి పట్టి ఉంచే దారాలు ఉంటాయమ్మా. మీ పాపకి అవి తయారు కావు. వాటిని తయారుచేసే జన్యువుని, హాని చెయ్యకుండా మార్చిన వైరస్‌లో పెట్టి జెల్‌లో కలిపారు. పుండు మీద చుక్కలుగా వేస్తే చర్మమే ఆ దారాలు తయారు చేసుకుంటుంది. వారానికోసారి వేస్తూ ఉండాలి."

"జబ్బు పోతుందాండి?"

"పోదమ్మా. పుండు మూతపడొచ్చు. అతుక్కుపోయిన వేళ్ళు మాత్రం ఈ మందుతో విడిపోవు."

హారతి ఎడమచేతి వేళ్ళు నాలుగూ ఆరో ఏటే కలిసిపోయాయి. ఆ చేతిని ఒళ్ళో దాచుకుని కూర్చుంది.

ముగ్గురి రక్తం తీసుకున్నారు. నెల తర్వాత రిపోర్టు వచ్చింది. డాక్టరుగారు కాగితం మా ఇద్దరి వైపూ తిప్పింది. "ఆ దారాల జన్యువులో పాపకి మీ ఇద్దరి నుంచీ చెరో తప్పు వచ్చింది. రెండూ ఒకే చోట, ఒకే రకం తప్పు. మీరు దగ్గర బంధువులా?"

"మేనరికమండి, మా మేనమామ కూతురే" అన్నాడు బావ.

"అయితే మీ ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న తాతగారి నుంచో మామ్మగారి నుంచో వచ్చి ఉంటుంది. ఈమె నాన్నగారికీ, మీ అమ్మగారికీ వాళ్ళే ఇచ్చుంటారు. వాళ్ళ తప్పేం లేదు, ఎవరికీ తెలిసేది కాదు."

"మా అమ్మ వైపు నుంచి?" అని అడిగాను.

"మీ అమ్మగారికి దీంతో సంబంధం లేదమ్మా."

తిరుగు రైల్లో బావ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. అన్నవరం స్టేషను దాటుతుంటే అన్నాడు. "మా అమ్మకి చెప్పకు దుర్గా. ఈ వయసులో తట్టుకోలేదు." కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. మెట్ల మీద మనుషులు చీమల్లా ఉన్నారు. మా అమ్మ వయసు ఎవరికైనా గుర్తొచ్చిందా అని అడగాలనిపించింది. సరేనన్నాను. సరే అనడం నా నోటికి అంతలా అలవాటైపోయింది.

ప్రతి గురువారం పిల్లని తీసుకుని నేనొక్కదాన్నే విశాఖపట్నం వెళ్ళొచ్చాను. ఏడో వారానికి, నాలుగేళ్ళుగా మానని కుడి మోకాలి పుండు మూతపడింది. గులాబీ రంగులో, పల్చగా, చర్మం. హారతి దాన్ని వేలితో తాకడానికి కూడా భయపడింది. ఇంటికొచ్చి చూపిస్తే, మునగాకు దూస్తున్న అత్త చేతులెత్తి దణ్ణం పెట్టింది. "ఇన్నాళ్ళకి వదిన వైపు దోషం వదిలిందే తల్లీ" అంది.

నేను పిల్లని లోపలికి పంపాను. అత్త ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను.

"అది అమ్మ వైపుది కాదత్తా. మీ అమ్మానాన్నల నుంచి మా నాన్నకీ నీకూ వచ్చింది. మీ నుంచి నాకూ బావకీ వచ్చింది. రిపోర్టులో ఉంది."

"ఎవరన్నారు?"

"రక్తం చూసినవాళ్ళు. బావకి తెలుసు."

అత్త ఆకులు రాలిపోయిన రెబ్బనే పట్టుకుని దూస్తోంది. దూస్తూనే అడిగింది. "మీ అమ్మకి తెలుసా?"

"తెలియకుండానే పోయింది."

ఆవిడ ఇంకో రెబ్బ అందుకుంది. క్షమించమంటుందని నేను ఎదురుచూడలేదు. చెబితే గుండె తేలికపడుతుందనుకున్నాను, పడలేదు. వినాల్సిన మనిషి లేనప్పుడు నిజం ఎవరికి చెప్పి ఏం లాభం?

సాయంత్రం బావ చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టాడు. "చెప్పొద్దన్నానా? అమ్మ మధ్యాహ్నం నుంచి అన్నం ముట్టలేదు."

"మా అమ్మ ఏడేళ్ళు ఉప్పు ముట్టలేదు బావా."

మేం పుట్టినప్పటినుంచి ఒకరికొకరు తెలుసు. నేను ఆ గొంతుతో మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు.

"పిల్లకి సగం నీ నుంచి వచ్చింది" అన్నాను. "రేపట్నుంచి ఎడమ కాలు నువ్వు కట్టు."

"నావల్ల కాదే, నీకు తెలుసుగా..."

"నాకూ కళ్ళు తిరిగాయి. మొదటి ఏడాదంతా తిరిగాయి. ఎవరూ అడగలేదు."

మర్నాడు ఆరింటికి నీళ్ళు వేడిచేసి, ఉప్పు కలిపి, కత్తిరించిన గుడ్డలు పళ్ళెంలో సర్ది అతని ముందు పెట్టాను. కుడి కాలు, చేతులు నేను ముగించాను. తర్వాత లేచి వీధి మెట్ల మీదికొచ్చి కూర్చున్నాను. పాలవాడు, స్కూలు ఆటోలు, పూలబుట్టలతో బస్సుకి పరుగెత్తే ఆడవాళ్ళు. ఆ వేళప్పుడు మా వీధి ఎలా ఉంటుందో తొమ్మిదేళ్ళలో చూడలేదు. అప్పుడొచ్చింది ఏడుపు. అమ్మ పోయిన రోజున కూడా కట్లు మార్చే టైమైందని లేచి వచ్చేశాను, సరిగ్గా ఏడవనేలేదు.

లోపల్నుంచి హారతి గొంతు వినిపిస్తోంది. "ఇంకా నానలేదు నాన్నా, ఆగు." కాసేపటికి అబ్బా అంది. గిన్నె కింద పడిన చప్పుడు. "దుర్గా, ఒక్కసారి రావే" అని బావ పిలిచాడు. మళ్ళీ పిలిచాడు. పిల్ల ఏడుస్తూనే అతనికి చెబుతోంది, గుడ్డ ఎటువైపు నుంచి ఎత్తాలో.

నా కాళ్ళు వాటంతటవే కదిలాయి. రెండు చేతులతో మెట్టు అంచు పట్టుకున్నాను. లేవలేదు.